ఆవిరిలో ఆగిన ఆట

ఆ ఉదయం ఆకాశం మంచు కురిపించాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది. బుడా కొండల మీద కూర్చున్న మబ్బు లేవడం లేదు. కోట గోపురం సగమే కనిపిస్తోంది. వంతెన ఇటు ఒడ్డున మొదలై డాన్యూబ్ నది నడుమ ఎక్కడో కరిగిపోయింది. ట్రాములు పసుపు మచ్చల్లా వచ్చి, మళ్లీ తెల్లదనంలోకి పోతున్నాయి.

ప్రైవేట్ డిటెక్టివ్ కెలెమెన్ కిటికీ దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఆయనది తూర్పు మైదానంలో గొర్రెలు మేపుకునే ఊరు. రాజధానికి వచ్చి చాలా ఏళ్లయినా, లేవగానే ఆకాశం వైపు చూసే అలవాటు పోలేదు. ఆయన సహాయకుడు బెనెడెక్ పొయ్యిలో కట్టెలు సర్దుతున్నాడు.

తలుపు తోసుకుని ఒక యువతి లోపలికి వచ్చింది. గుప్పిట్లో ఇత్తడి బిళ్ళ ఒకటి గట్టిగా పట్టుకుని ఉంది.

“కెలెమెన్ గారంటే మీరేనా?”

“నేనే. ముందు కూర్చో అమ్మాయ్.”

“కూర్చునే టైము లేదండీ. సాయంత్రం రైలుకి ఆవిడ వెళ్లిపోతుంది. ఈలోగా ఆవిడ వెండి గంట దొరక్కపోతే నా గైడు బిళ్ళ లాగేసుకుంటారు. దొంగ అని పేరు పడితే ఈ ఊళ్లో నన్నింకెవరు పెట్టుకుంటారు?”

ఆమె పేరు పిరోష్కా. ఊరు చూడటానికి వచ్చేవాళ్లను కోట మీదికి, పడవల రేవుకి, వేడినీళ్ల స్నానశాలకు తిప్పి తెస్తుంది. నిన్నటి గుంపులో ట్రియెస్ట్ నుంచి వచ్చిన ఒత్తావియా అనే ముసలావిడ ఉంది. ఆవిడ దగ్గర బొటనవేలంత వెండి గంట ఉంది. మంచాన పడిన భర్త చివరి ఏడాదంతా దానితోనే ఆవిడను పిలిచేవాడు. ఆయన పోయాక ఆవిడ దాన్ని వదలలేదు. నీళ్లలోకి దిగే ముందు రుమాల్లో చుట్టి పిరోష్కా చేతికిచ్చింది. అంతలో ఎవరో మెట్ల మీద జారారు. పిరోష్కా గంటను గట్టు మీద పెట్టి పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి రుమాలు ఉంది, గంట లేదు.

“మోగలేదా?” అన్నాడు కెలెమెన్.

“ఊపిరి తగిలినా మోగుతుందండీ అది. కానీ ఎవరికీ వినపడలేదు.”

“తర్వాత?”

“గేటు దగ్గర అందరి సంచులూ విప్పించారు. ఒక్కరినీ వదల్లేదు. ఏమీ దొరకలేదు.”

కెలెమెన్ కోటు అందుకున్నాడు. “అయితే అది ఇంకా అక్కడే ఉంది. పద బెనెడెక్. తువ్వాలు మర్చిపోకు.”

“తువ్వాలెందుకు గురువుగారూ?”

“నీళ్లలో ఉన్నవాళ్లతో ఒడ్డున నిలబడి మాట్లాడితే నిజం చెప్పరు నాయనా.”

స్నానశాల పెద్ద తొట్టికి పైకప్పు లేదు. వడ్లు ఉడకబెట్టే బానలోంచి లేచినట్టు నీళ్ల మీంచి ఆవిరి లేస్తోంది. అందులో మనుషుల తలలు గుమ్మడికాయల్లా తేలుతున్నాయి. ఎవరి మొండెం ఎక్కడుందో తెలియదు. మాటలు కూడా మెత్తబడి, ఎవరివో తెలియకుండా చెవిని చేరుతున్నాయి. ఒక మూల రాతి సింహం నోట్లోంచి వేడినీరు దూకుతోంది. కుళ్లిన గుడ్డు వాసన. సింహం పక్కన, తుంపర పడే చోట రాతి అరుగు ఉంది. దాని మీద చదరంగం బల్ల. ఆట సగంలో ఉంది. ఒకవైపు పాలిపోయిన తెల్ల కొయ్య పావులు, మరోవైపు నల్ల కొయ్య పావులు. తడిసి అన్నీ ఒక్కలాగే నిగనిగలాడుతున్నాయి.

నీళ్లలోకి దిగే ముందు ఫలహారశాల నడిపే ఎతెల్కా బెనెడెక్ చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఆ ఉంగరం వెండిదేనా బాబూ? తీసెయ్. మా అమ్మ ఇచ్చిన శిలువ ఈ గంధకం నీళ్లలో ఒక్క పూటకే కుండ అడుగులా అయింది. ఊరివాళ్లం ఎవరం వెండి తేము. పాపం, బయటినుంచి వచ్చినవాళ్లకేం తెలుసు!”

అక్కడే ఒక బక్కపలచని ముసలాయన వాచిన దవడ పట్టుకుని టీ తాగుతున్నాడు. ఆయన దెజో.

“నిన్న గుంపు రాకముందే పంటి డాక్టరు దగ్గరికి పోయానండీ. ఇదిగో ఇప్పుడే వచ్చా. ఆ ఆట నాదే, నల్లవి నావి. ఎత్తు కూడా నాదే. కానీ అంబ్రుష్ ఇవాళ వద్దంటున్నాడు. వాడు ఆడనన్న రోజు నేను చూడలేదు.”

“మీరు గెలుస్తున్నారేమో?”

“నా మొహం! నల్ల బంటు ఒకటి పోయిన శీతాకాలం తూములో కొట్టుకుపోయింది. దాని బదులు అక్రోటు కాయ పెట్టుకుని ఆడుతున్నా. నా సైన్యంలో బుద్ధిగా నిలబడేది అదొక్కటే.”

కెలెమెన్ నవ్వి నీళ్లలోకి దిగాడు. అంబ్రుష్ సింహానికి దగ్గరగా మెడలోతున కూర్చుని ఉన్నాడు. తెల్లని పెద్ద మీసం, రెండు చెవుల్లోనూ దూది.

“నిన్న ఆ గొడవప్పుడు ఎక్కడున్నావ్ బాబాయ్?”

“నీళ్లలో. భార్య పోయినప్పటి నుంచి నీళ్లలోనే ఉంటున్నా. చేపను పట్టుకుని నిన్న ఎక్కడున్నావంటే ఏం చెబుతుంది?”

“గంట మోత వినపడలేదా?”

“దూది కనపడటం లేదా?” అని ఆయన ఒడ్డు వైపు చూశాడు. అక్కడ కొత్త గుంపు ఒకటి నిలబడి ఫోటోలు తీస్తోంది. “చూడు, చూడు. మేమేదో జంతుప్రదర్శనలో నీటి ఏనుగులమైనట్టు. ఒకామె నిన్న నా మీసం ముట్టుకోవచ్చా అని అడిగింది.”

బెనెడెక్ ఆట దగ్గరగా చూద్దామని అరుగు మీద చెయ్యి వేశాడు. అంతే, ఆవిరిలోంచి నాలుగైదు గొంతులు ఒక్కసారి లేచాయి.

“ముట్టుకోకు!”

“అబ్బాయ్, చెయ్యి తియ్!”

బెనెడెక్ బెదిరి వెనక్కి జరిగాడు. ఒక తల తేలుతూ దగ్గరికి వచ్చింది. “ఆగిన ఆటను ఆ ఇద్దరు తప్ప ఎవరూ ముట్టరు. ఇక్కడి రివాజు. తుడిచే మనిషి కూడా దాన్ని వదిలేసి చుట్టూ తుడుస్తుంది.”

కెలెమెన్ చాలాసేపు కళ్లు మూసుకుని వేడినీళ్లలో ఉండిపోయాడు. నిద్రపోయాడేమో అనుకున్నాడు బెనెడెక్. నిజంగానే మంచు మొదలైంది. రేకులు ఆవిరిలోకి దిగి, నీళ్లను చేరకుండానే మాయమవుతున్నాయి.

కళ్లు తెరిచి ఆయన అన్నాడు, “అందరినీ పిలువు. నీళ్లలోకే.”

అందరూ వచ్చారు. పిరోష్కా బిళ్ళను గట్టు మీద పెట్టి దిగింది. ఒత్తావియా పూల టోపీ పెట్టుకుని నెమ్మదిగా దిగింది. గైడు కంపెనీ యజమాని సిలార్డ్ చల్లగాలికి వణుకుతూ గొణుగుతూ దిగాడు. “ఇదేం విచారణండీ! బుట్టలు వెతికించాం, పూలకుండీలు వెతికించాం, తూముల జల్లెళ్లు కూడా ఎత్తించాం.”

“ఒక్క చోటు వదిలేశారు,” అన్నాడు కెలెమెన్. “వదిలేస్తారని అతనికి తెలుసు. గంట మోగలేదంటే తీసిన వెంటనే ఎవరో దాని నాలుక కదలకుండా బిగించారు. గట్టు మీద నిలబడ్డవాడి దగ్గర రుమాలో, చేతి తొడుగో ఉంటుంది. నీళ్లలో ఉన్నవాడి దగ్గర ఏముంటుంది? చెవిలో దూది ఉంటుంది. ఇక్కడి పెద్దలు చాలామంది పెట్టుకుంటారు, కాబట్టి అదొక్కటే చాలదు. గంట గేటు దాటలేదు. లోపల ఎక్కడ దాచినా వెతుకుతారు. ఎవరూ ముట్టని చోటు ఒకటే ఉంది.”

అందరి చూపులూ చదరంగం బల్ల మీదికి పోయాయి.

“కానీ వెండి తళతళలాడుతుంది కదా గురువుగారూ,” అన్నాడు బెనెడెక్. అని, తన బోసి వేలు చూసుకుని ఆగిపోయాడు.

“అదే. మనమంతా తెల్లటి వస్తువు కోసం వెతికాం. రాత్రంతా గంధకం నీళ్లలో ఉంటే అది ఏ రంగులో ఉంటుందో ఎతెల్కా చెప్పింది. దెజో గారూ, ఆ బల్ల వైపు చూడండి. మీ అక్రోటు కాయ ఏది?”

దెజో కళ్లు చికిలించుకుని చూశాడు. “ఇదేంటి, బంట్లన్నీ ఉన్నాయే? ఒరే అంబ్రుష్, పోయింది దొరికిందా?”



“మీ బంటును ముట్టుకోవచ్చా?” కెలెమెన్ అడిగాడు. దెజో తల ఊపాడు. కెలెమెన్ చివరి నల్ల బంటును ఎత్తి, అడుగున వేలు పెట్టి తడి దూది లాగాడు. చెయ్యి కొద్దిగా కదిలించాడు.

ఆ ఆవిరిలో గంట మోగింది. సన్నగా, దూరంగా, పక్క గదిలోంచి ఎవరో పిలిచినట్టు. ఒత్తావియా ఉలిక్కిపడి, “వస్తున్నా” అంది తన భాషలో. పిరోష్కా తప్ప ఎవరికీ అర్థం కాలేదు. పిరోష్కా ముఖం తిప్పుకుంది.

“ఇక్కడ ఆ ఆటను ముట్టే హక్కు ఇద్దరిదే,” అన్నాడు కెలెమెన్. “మూడో చెయ్యి పడితే ఏమవుతుందో మా బెనెడెక్ చూశాడు. దెజో నిన్న గుంపు రాకముందే వెళ్లాడు. పైగా ఇవాళ ఆడదామని ఆయనే అడిగాడు. దాచినవాడు ఆట వద్దంటాడు గానీ ఆడదామనడు. అవునా బాబాయ్?”

అంబ్రుష్ మీసం మీది నీళ్లు తుడుచుకున్నాడు.

“రాత్రి సింహం కింద గుంటలో ఉంచా. పొద్దున జల్లెళ్లు ఎత్తుతుంటే తీసి అక్కడ పెట్టా. అమ్ముకుందామని కాదు. ఈ అమ్మాయి బిళ్ళ పోతే గుంపులు రావడం ఆగుతుందనుకున్నా. ఆ తర్వాత గంటను ట్రియెస్ట్ పంపించేసేవాణ్ణే. నాకు ఇల్లంటే ఈ నీళ్లే మిగిలింది. ఇది కూడా చూసే వస్తువైపోయాక నేనెక్కడ కూర్చోను?”

“పోలీసులకు అప్పగించాలి!” అని అరిచాడు సిలార్డ్. “ఇక ఈ గేటు దాటనివ్వకూడదు!”

పిరోష్కా అతనికేసి చూడలేదు. “బాబాయ్, నన్ను అడగొచ్చు కదా? మీకిష్టం లేదని ఒక్క మాట చెబితే వేరే వేళకి తెచ్చేదాన్ని. దొంగ అన్న పేరు నా మీద పడితే మా అమ్మ ముఖం ఎలా చూసేదాన్ని?”

“తప్పే,” అన్నాడు ముసలాయన. ఆ ఒక్క మాటకే ఆయన మెడ నీళ్లలోకి ఇంకాస్త దిగింది.

పిరోష్కా అంతా ఆవిడ భాషలో చెబుతుంటే ఒత్తావియా నల్లబడ్డ గంటను అరచేతిలో తిప్పుతూ విన్నది. తర్వాత సిలార్డ్ వైపు తిరిగి రెండు ముక్కలు చెప్పింది.

“ఏమంటోంది?” అన్నాడు సిలార్డ్.

“ఫిర్యాదు లేదట. ఆకలిగా ఉందట. ఈయన పక్కన కూర్చుని తింటానంటోంది.”

సిలార్డ్ కాసేపు మంచులోకి చూసి, గట్టు మీదున్న ఇత్తడి బిళ్ళను పిరోష్కా చేతిలో పెట్టాడు.

ఎతెల్కా కిటికీ పక్క బల్ల తుడిచి ఎర్రటి చిక్కుడుగింజల సూపు వడ్డించింది. అంబ్రుష్ రొట్టె తుంచి మొదటి ముక్క పిరోష్కా ముందు పెట్టాడు. ఆమె ముందు దానివైపు చూసింది. తర్వాత తీసుకుని సూపులో ముంచుకుంది. ఒత్తావియా ఉప్పు అందించింది. దెజో నొప్పి లేని దవడ వైపు నెమ్మదిగా నములుతున్నాడు. బెనెడెక్, కెలెమెన్ కూడా రొట్టె అందుకున్నారు. చెంచాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అందరూ తిన్నారు.