సీటు కింది దొంగ స్విచ్

ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు ఇంకా లేని కాలం. రింగ్‌రోడ్డు పక్కన రేకుల షెడ్డులో బసవరాజు లారీలకు కరెంటు పని చేసేవాడు. దేవుణ్ణి నమ్ముతాడో లేదో గానీ, తీగను మాత్రం నమ్ముతాడు. మనిషి అబద్ధమాడినా తీగ ఆడదనేది ఆయన మాట.

ఆ సాయంత్రం దుర్గేష్ ఒక పాత లారీ తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. కొని నెల కాలేదు. నాచారం ఫ్యాక్టరీల రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఆగిపోతోంది. రెండు నిమిషాలయ్యాక ఏమీ ఎరగనట్టు స్టార్టవుతోంది. ముగ్గురు మెకానిక్కులు చూశారు. షెడ్డులో నిలబెట్టినంతసేపూ దానికి ఏ రోగమూ లేదు.

"నిన్న గట్లనే ఆగితే ఎన్కనుంచి టిప్పరొచ్చి గింత దూరంల బ్రేకేసింది అన్నా," అన్నాడు దుర్గేష్, జానెడు చూపించి. "రేపు పొద్దుగాల సామానేసుకోని ఘట్‌కేసర్‌ల కొత్తింటికి పోవాలె. నా భార్య హిమజ గూడ దీంట్లనే కూసుంటది. ఏడో నెల ఆమెకు. బుగులైతుంది నాకు."

"ఫికర్ జేయకు తమ్మీ. రేపటికి నడుస్తది, నాది పూచీ."

బసవరాజు పద్ధతి ఒకటే. తాళంచెవి నుంచి ఇంజన్‌కు పోయే తీగకు చిన్న బల్బు కట్టి చేత పట్టుకుంటాడు. బండి ఆగినప్పుడు బల్బు వెలుగుతుంటే తప్పు డీజిల్‌ది, ఆరిపోతే కరెంటుది. దుర్గేష్ స్టీరింగ్ పట్టాడు. బసవరాజు క్యాబిన్ లోపల మధ్యన, ఇంజన్ మూత మీద కూర్చున్నాడు. ఎడమ పక్క క్లీనర్ సీటు ఖాళీ.

ముసురు పట్టి పొద్దు త్వరగా మసకబారింది. మూతపడ్డ నూలు మిల్లు గేటు దగ్గరికి రాగానే... టిక్. బల్బు ఆరిపోయింది. ఇంజన్ చచ్చింది.

"రోజూ ఈడనేనా?"

"ఈడనే అన్నా."

బసవరాజు తీగ వెంట వేళ్లు పోనిచ్చాడు. అది క్లీనర్ సీటు కిందికి పోయింది. అక్కడో స్విచ్ తగిలింది. బండిని ఎవరూ ఎత్తుకుపోకుండా డ్రైవర్లు దాచి పెట్టుకునే దొంగ స్విచ్. ఆఫ్ అయి ఉంది. సీటు కింద అంతా పొడిగానే ఉంది, స్విచ్ మాత్రం తడిగా ఉంది.

ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అంతలోనే తనమీద తనకే నవ్వొచ్చింది. "స్విచ్ లూజయింది. గుంతలల్ల కుదుపుకు పడుతుంది, మళ్ల లేస్తుంది. గింతే," అన్నాడు. స్విచ్ పీకి జేబులో వేసుకుని, రెండు తీగలూ నేరుగా కలిపి టేపు చుట్టాడు.

బండి తిప్పుకుని మళ్లీ అదే దారిన వచ్చారు. గేటు వచ్చింది. బల్బు ఆరలేదు. గేటు దాటిపోయింది. దుర్గేష్ హాయిగా ఈలవేశాడు.

అప్పుడు... సీటు కింద గీరుతున్న చప్పుడు. స్విచ్ ఉండిన చోటే. గోళ్లతో... ఆత్రంగా. తడిసిన నూలు వాసన. బసవరాజు తల తిప్పలేదు. ఎడమ చెవి పక్కన ఆడగొంతు గుసగుసలాడింది.

"అన్నా... ఆపున్రి. నా గేటు దాటిపాయె..."

దుర్గేష్ ఈల ఆగలేదు. వాడికి వినపడలేదు. బసవరాజుకు మాత్రం అర్థమైంది. ఇన్నాళ్లూ ఎవరో దిగడానికి బండి ఆపుకుంటున్నారు. ఆ దారి తనే మూసేశాడు. చెబుదామంటే భయం. భయంతో పాటు సిగ్గు కూడా. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాడు, పూచీ పడ్డ మనిషి, ఏమని చెబుతాడు?

రాత్రంతా కన్ను మూతపడలేదు. తెల్లవారగానే స్విచ్ జేబులో వేసుకుని దుర్గేష్ ఇంటికి పరిగెత్తాడు. బండి అప్పటికే వెళ్లిపోయింది. ఫోన్ చేశాడు.

"మస్తు నడుస్తుందన్నా, నారపల్లి దాటినం," అన్నాడు దుర్గేష్. తర్వాత గొంతు తగ్గించాడు. "గానీ హిమజకు ఏమైందో... గేటు దాటిపాయె, ఆపున్రి అంటుంది. ఏ గేటో చెప్పది. సీటు కింద చెయ్యి పెట్టి ఏందో దేవులాడుతుంది."

"బండి ఆపు తమ్మీ. ఆమెను దించు."

"ఆపుదామనే సూస్తున్న అన్నా... తాళంచెవి తీసి చేతుల పట్టుకున్న. ఇంజన్ ఆగుతలేదు, బ్రేకు గూడ పడుతలేదు."

బసవరాజు జేబు తడిగా తగిలింది. లోపల, ఏ తీగా లేని స్విచ్... టిక్ మంది. మళ్లీ టిక్. మళ్లీ...