దెయ్యానికి నోటీసు

చీకటి పడ్డాక ఆ మలుపులో ఎవరూ హారన్ కొట్టరు.

కొడితే లోపలున్నది లేచి చూస్తుందట. ఎవరి చప్పుడుకి లేచిందో వాళ్ల వెనకాలే ఇంటిదాకా వస్తుందట. అందుకని బండ్లవాళ్లు మలుపు దగ్గరికి రాగానే ఊపిరి బిగబట్టి, ఒక్క దూకుడులో దాటేస్తారు. ఎదురుగా ఎవరొస్తున్నారో కనపడదు. కనపడకుండా అడ్డం నిలబడింది ఆ మేడే.

సగం కట్టి వదిలేసిన మేడ. ఆ వీధిలో రెండంతస్తులు మించకూడదని రూలు. రోడ్డువైపు జాగా వదలాలని ఇంకో రూలు. వదలడం మాట దేవుడెరుగు, బిల్డర్లు గోడని తెచ్చి ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టారు. వీధివాళ్లు కమిటీ పెట్టుకుని, ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే, ఎన్నాళ్లకో ఒకాయన వచ్చి గేటుకి సీలు వేసి పోయాడు.

పని ఆగింది. ఆగాక మొదలైంది అసలు సంగతి.

అర్ధరాత్రి దాటాక పైన సన్నటి వెలుగు పాకేది. దబ్... దబ్... అని దిండు మీద గుద్దినట్టు మెత్తటి చప్పుడు. కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ ఏదో ఈడ్చుకుంటూ పోతున్నట్టు...

ఆ స్థలంలో ఇదివరకు ఒంటరి ముసలావిడ ఉండేది. ఎవరెంత అడిగినా ఇల్లు అమ్మనని మొండికేసి, ఆ ఇంట్లోనే పోయింది. ఇంకేం, ఆవిడే అన్నారు. ఇల్లు కొట్టేసినందుకు పగబట్టిందన్నారు. పాదాలు వెనక్కి తిరిగిన తెల్లటి ఆకారం గోడ ఎక్కుతుంటే నా కళ్లారా చూశానని కమిటీ సెక్రటరీయే చెప్పాడు. చెప్పి రెండు రోజులు ముసుగుతన్ని పడుకున్నాడు కూడా. అంతటి మనిషి చెప్పాక ఇంకెవరు కాదంటారు?

ఆ మేడ పక్కింట్లోనే టైలరక్క కాపురం. స్కూలు యూనిఫాంలు కుట్టేది. కమిటీ సెక్రటరీ ఆవిడకి సొంత అన్న. మందులన్నయ్య అనేవారు అందరూ. మెయిన్ రోడ్డు మీద మందులషాపు ఉండేది పాపం, రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. అప్పట్నించీ ఇంటి వరండాలో బల్ల వేసుకుని మాత్రలు అమ్ముతున్నాడు.

"దెయ్యాలకి భయపడే తీరిక నాకెక్కడిది!" అనేది టైలరక్క. రాత్రి చప్పుళ్లు వినపడితే దుప్పటి నెత్తిమీదికి లాక్కుని అటు తిరిగి పడుకునేది.

అలాంటిది ఒక రాత్రి, ఆమె భర్త డ్యూటీ దిగి మోటారు సైకిలు మీద ఇంటికొస్తూ మలుపు తిరిగాడు. అవతల నుంచి ఒక వ్యాను... హారన్ లేదు, ఏమీ లేదు... ఒక్క దూకుడులో వచ్చి మీదపడింది.

ప్రాణం దక్కింది. కాలు రెండు చోట్ల విరిగింది. లోపల ఇనపకడ్డీ వేశారు.

వ్యాను డ్రైవరు రోడ్డు మీద కూలబడి ఏడ్చాడు. "హారన్ కొట్టొద్దన్నారక్కా... లోపల ఉందన్నారు..."

వాణ్ని తిట్టడానికి ఆవిడకి నోరు రాలేదు. కోపమంతా ఆ గోడ మీదికి పోయింది.

మందులన్నయ్య రోజూ వచ్చి బావకి నొప్పి మాత్రలు తనే మింగించి పోయేవాడు. కాలు వంక చూసేవాడు కాదు. తట్టుకోలేకపోతున్నాడు అనుకుంది చెల్లెలు.

ఒక రోజు ఆవిడ మిషను ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కించడానికి కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. దారం ఎక్కలేదు. వెలుగు చాలలేదు. తలెత్తి చూస్తే, మేడ మీదుగా అవతల ఎప్పుడూ కనపడే ఊరి నీళ్ల ట్యాంకు సగమే కనపడుతోంది.

ఆ వారం గడిచేసరికి ట్యాంకు పూర్తిగా పోయింది.

ట్యాంకు ఎక్కడికి పోతుంది? పని ఆగిన మేడ... ఎదుగుతోంది!

అన్నకి చెప్పింది. "నిద్రల్లేక నీకు అలా అనిపిస్తోందే. అటు చూడకు. కిటికీ మూసుకో," అన్నాడు.

ఆఫీసుకి తనే పోయింది. సీట్లో ఉన్నాయన తలెత్తకుండానే అన్నాడు, "సీలు అలాగే ఉందమ్మా. మొన్ననే ఫొటో తీయించాం. సీలున్న చోట పని జరగదు."

"జరుగుతోంది సార్. రాత్రిళ్లు. వెనకనించి..."

"రాత్రిళ్లు కట్టేదెవరు?"

ఆవిడ తడబడింది. "వీధంతా దెయ్యమంటోంది సార్, కానీ..."

ఆయన ఇప్పుడు తలెత్తాడు. పక్క సీటువాడి వంక చూసి నవ్వాడు. "అయితే అడ్రసు చెప్పమ్మా, దెయ్యానికి నోటీసు పంపిస్తాం."

"పోనీ, ఆ మలుపులో ఒక స్పీడ్ బ్రేకరైనా వేయించండి సార్. అవతలివాళ్లు కనపడేలా ఒక అద్దమైనా..."

"అది ట్రాఫిక్ వాళ్లది. మా సెక్షన్ కాదు."

ట్రాఫిక్ వాళ్ల దగ్గరికి పోయింది. "మలుపు కనపడకపోవడానికి కారణం బిల్డింగు కదా? బిల్డింగుల సెక్షన్‌నే అడగాలమ్మా," అన్నారు. మెట్లు దిగి బయటికొచ్చి, బస్టాపులో నిలబడి, ఎవరినో తెలియకుండానే పైకే తిట్టింది. పక్కనున్నవాళ్లు కాస్త జరిగి నిలబడ్డారు.

ఆ రాత్రి మళ్లీ... దబ్... దబ్...

భర్త పక్కమీద కదిలాడు. "పోనీలేవే... పడుకో."

"ఎన్నాళ్లు పడుకోమంటారు?" అంది. టార్చి తీసుకుంది. తలుపు చప్పుడు కాకుండా లాగింది.

వెనక సందు. రేకులతో అడ్డం కట్టారు. ఒక రేకు తోస్తే కదిలింది. లోపల తడి సిమెంటు వాసన. నేల చల్లగా, మెత్తగా... అడుగు వేస్తే కాలు కొంచెం దిగబడింది. టార్చి వెలిగించలేదు. గోడ పట్టుకుని, తడుముకుంటూ మెట్లెక్కింది.

పైన... వెలుగు కదిలింది.

తెల్లటి ఆకారం ఒకటి గోడ వెంట పైకి పాకింది. దాని వెనకే ఇంకొకటి... ఇంకొకటి...

వెనక్కి తిరిగి పరుగెత్తాలనుకుంది. గోడకి అతుక్కుపోయింది.

అప్పుడు ఆ తెల్లటిది దగ్గింది. దగ్గి, పక్కకి ఉమ్మి, "ఇంకో తట్ట అందుకో," అని గుసగుసలాడింది.

టార్చి నొక్కింది.

కూలీలు! తల నుంచి కాలిదాకా సిమెంటు దుమ్ము కొట్టుకుని ఉన్నారు. సుత్తుల మూతికి గుడ్డలు చుట్టారు. ఎటు పోవాలో తెలియక అందరూ బొమ్మల్లా నిలబడిపోయారు. వాళ్ల మధ్యలో, లాంతరు చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని వెలుగు చూపిస్తున్న మనిషి మెల్లిగా ఇటు తిరిగాడు.

మందులన్నయ్య.

"అన్నయ్యా..."

"అరవకే. నీ కాళ్లు పట్టుకుంటాను, అరవకు." లాంతరు కింద పెట్టాడు. "ఎన్నేళ్లు తిరిగాం? చెప్పు. ఈ గోడ అంగుళం వెనక్కి జరిగిందా? నా కొట్టు పడగొట్టినప్పుడు ఒక్కడైనా అడ్డొచ్చాడా? ఎలాగూ కడతారే ఈ బిల్డర్లు! మనం ఆపగలమా? రోడ్డు వైపు షట్టరు నాకిస్తామన్నారు. మళ్లీ షాపు పెట్టుకుంటాను. అంతే. ఎవరికీ అన్యాయం చెయ్యలేదు నేను."

"హారన్ కొట్టొద్దని చెప్పిందెవరు?"

ఆయన వంగి లాంతరు వత్తి తగ్గించాడు.

"చెప్పు అన్నయ్యా. ఎవరు?"

"చప్పుడుకి జనం లేచి కిటికీల్లోంచి చూస్తారని... అంతవరకే అనుకున్నా. బావ కాలికి ఇలా అవుతుందని నాకు తెలుసా?"

ఆమె ఒళ్లంతా మండిపోయింది. రెయిలింగు లేని ఆ అంచు దాకా వెళ్లి, వీధివైపు తిరిగి, గొంతు చించుకుని అరిచింది.

"లేవండి! అందరూ రండి! వచ్చి చూడండి! పిన్నీ! బాబాయి గారూ! లేవండి... రండి...!"

వెనక లాంతరు ఆరిపోయింది. కూలీలు మెట్ల మీద గబగబా దిగిపోయారు. ఆ చీకట్లో అన్న కూడా ఎటు పోయాడో...

ఎదురింట్లో లైటు వెలిగింది. హమ్మయ్య అనుకుంది.

కిటికీ రెక్క మూసుకుంది. లైటు ఆరిపోయింది.

పక్క వాటాలో కిటికీ... దాని పక్కది... ఆమె అరిచినకొద్దీ వీధి పొడుగునా ఒక్కొక్కటే టక్, టక్ మని మూసుకుపోయాయి. గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. ఎవరూ రాలేదు.

తెల్లారి గుమ్మం ఊడుస్తుంటే ఎదురింటి పిన్ని పరుగులాంటి నడకతో వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"రాత్రి విన్నావటే? ఎంత ఘోరంగా అరిచిందో! అచ్చం ఆడమనిషి గొంతు. నన్ను పిన్నీ అని పిలిచిందే తల్లీ! రమ్మంది! మీ బాబాయి చెవుల్లో దూది పెట్టుకుని నా చెయ్యి వదలలేదు తెల్లార్లూ. ఇంక సాయంత్రమైతే తలుపులు తీసేది లేదు."

టైలరక్క చీపురు పక్కన పెట్టింది. బొంగురుగొంతుతో, మెల్లిగా అంది.

"పిన్నీ... అది నేనే."

పిన్ని నోరు తెరిచింది. ఒక మెట్టు వెనక్కి దిగింది. ఆమె మొహంలోకి చూడలేదు. తల వంచి, భయం భయంగా...

ఆమె పాదాల వంక చూసింది.