కుర్చీల ఇల్లు

అందరూ ఎగబడే చోట్లంటే అక్కకి మొదట్నుంచీ గిట్టదు. దేశం కాని దేశం వచ్చి కూడా కోటల వైపు తల తిప్పలేదు మహాతల్లి. పాత గొడుగులు దాచిన మేడ చూపించింది. ఇటు గట్టున గుసగుసలాడితే అటు గట్టున వినబడే వంతెన చూపించింది. చిట్టి కిక్కురుమనకుండా వెంట తిరిగింది. అమ్మ పోయేనాటికి చిట్టికి ఊహే తెలీదు. అక్కే మోకాళ్ళ మీద కూర్చోబెట్టుకుని, ఊపుతూ అన్నం తినిపించి పెంచింది. అలాంటి అక్క ఏడాదిగా ఫోనెత్తడం మానేసింది. తనేం తప్పు చేసిందో తెలీక చిట్టి కుమిలిపోయింది. "ఇద్దరం కలిసి ఎటైనా వెళ్దాం రావే" అని అక్క పిలిచాకే ప్రాణం లేచొచ్చింది.

ఒక్కటే వింత. అక్క ఎక్కడా కూర్చోవడం లేదు. విమానంలో బెల్టు పెట్టుకోక తప్పనప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని, చెమటలు కక్కుతూ కూర్చుంది. తక్కినంతసేపూ నడవలోనే నిలబడింది. హోటల్లో గోడకి ఆనుకునే టిఫిను తింది. అడిగితే నడుం నొప్పంది. చిట్టి నమ్మేసింది. అక్క మాట నమ్మకపోవడం ఆ పిల్లకి చేతకాని పని.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఇద్దరూ కుర్చీల ఇంటికి వెళ్ళారు. సందు చివర, బోర్డు కూడా లేని ఇల్లు. లోపల ఒకటే పొడవాటి గది. గోడల వెంట కుర్చీలే కుర్చీలు. పేము కుర్చీలు, పడక్కుర్చీలు, తోలు ఊడిన ఆఫీసు కుర్చీలు, చంటిపిల్లలవి కూడా ఉన్నాయి. కిటికీలకి మందపాటి తెరలు. వార్నిషు వాసన. దాని అడుగున ఇంకో వాసన, ఎవరో అప్పుడే లేచి వెళ్ళిన పక్కబట్టల్లా.

కాపలా ముసలాయన నిలబడి ఓ కుర్చీ చెయ్యి తుడుస్తున్నాడు. అక్కని చూసి గుడ్డ పక్కన పెట్టాడు.

"మళ్ళీ వచ్చారా," అన్నాడు మెల్లగా. "మంచిది. తోడు తెచ్చుకున్నారే."

చిట్టి అక్క వైపు తిరిగింది. "ఇంతకుముందు వచ్చావా?"

"నన్ను చూసి ఇంకెవరో అనుకున్నాడు లేవే," అంది అక్క. "ఇక్కడో పద్ధతుంది. తీసుకొచ్చినవాళ్ళే కుర్చీ చూపించాలి. భుజాలు పట్టి కూర్చోబెట్టి, ముద్దుపేరుతో పిలవాలి. సరదాకే. రా."

అక్క చూపించింది చేతుల్లేని చెక్క కుర్చీ. చిట్టి నవ్వుతూ కూర్చుంది. అక్క ఎదురుగా నిలబడి రెండు భుజాలూ పట్టుకుంది.

"చిట్టీ," అని పిలిచింది.

మెత్తగా ఉంది. వెచ్చగా ఉంది. చెక్క కుర్చీ మెత్తగా ఎందుకుంటుంది... తొడల కింద ఏవో రెండు. గుండ్రంగా, ఎముకల్లా. మోకాళ్ళు... మెల్లగా కదిలాయి. పైకీ... కిందికీ.

చిట్టి లేవబోయింది. లేవలేకపోయింది. అక్క చేతులు నొక్కిపట్టి ఉన్నాయి.

"అక్కా... కుర్చీలో ఎవరో ఉన్నారు."

"తెలుసు."

"లేవనీ అక్కా."

"కాసేపు ఓర్చుకోవే. ఏడాది ఓర్చుకున్నాను నేను."

చెవి వెనకాల వెచ్చటి ఊపిరి తగిలింది. అక్కేమో ఎదురుగా ఉంది. ముసలాయన గుమ్మం దగ్గరున్నాడు. ఆ ఊపిరి దగ్గరికొచ్చింది... ఇంకా దగ్గరికి...

"చిట్టీ," అంది.

అప్పుడు అక్క చేతులు వదిలేసింది. వెనక్కి చూడకుండా వీధిలోకి నడిచి, అరుగు మీద చతికిలబడింది. కూర్చుని, ఇంత ఊపిరి వదిలి, భోరున ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది.

"పోయినేడు ఇక్కడ సరదాకి కూర్చున్నా. అప్పట్నుంచీ సోఫాలో కూర్చున్నా అదే, పీట మీద కూర్చున్నా అదే," అంది, చిట్టి తూలుకుంటూ వచ్చి నిలబడ్డాక. "మనవాళ్ళని ఒకళ్ళని తెచ్చి అప్పగిస్తే వదిలేస్తుందన్నాడు ఆ ముసలాయన. మీ బావని అడిగితే పిచ్చెక్కిందన్నాడు."

"అందుకని నన్నా?"

"నువ్వైతే పిలవగానే వస్తావు కదే," అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ.

చిట్టికి ఏడుపు రాలేదు. కడుపు మండిపోయింది. ఏడాదంతా తనలో తప్పు వెతుక్కుంది. ఈవిడ నమ్మించి గొంతు కోసింది. పరాయివాళ్ళు చేసినా ఇంత బాధ ఉండేది కాదు.

బస్సెక్కగానే అక్క కిటికీ పక్కన కూలబడి, శాలువా కప్పుకుని నిద్రపోయింది. చిట్టి పక్క సీటు అంచున ఒక్క క్షణం ఆనింది... మోకాళ్ళు. చప్పున లేచి కమ్మీ పట్టుకుని నిలబడింది. ఇంటి దాకా, ఆ తర్వాత కూడా, ఇలాగే నిలబడాలి కాబోలు.

బస్సు కుదుపులకి కాబోలు, అక్క తల మెల్లగా ఊగుతోంది. పైకీ... కిందికీ.

చిట్టి కిటికీలోంచి చూసింది. డ్రైవరు ఇంకా కిందే టీ తాగుతున్నాడు. ఇంజను ఆపేసి ఉంది.

లేపుదామని చెయ్యి చాచింది. ఇందాక భుజాల్ని నొక్కిపట్టిన చేతులు గుర్తొచ్చాయి. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

అక్క నిద్రలో ఊగుతూనే ఉంది. నడుం దగ్గర శాలువా, ఎవరో వెనకనుంచి చెయ్యి చుట్టి దగ్గరికి తీసుకున్నట్టు, లోపలికి నొక్కుకుపోతోంది.