రెండు సీట్ల కారు

గురువారం పొద్దున ఆరు గంటలకి అంబుజం చిన్న బకెట్టులో షీకాయ పొడి కలుపుతూ ఉంది. ఆ రోజు ఇంట్లో ఎవరికీ తలంటు లేదు. భర్త ఇరుసప్పన్ టీ అంగడికి వెళ్ళాడు. పేపరు మొత్తం చదివి, తెలిసినవాళ్ళందరినీ పలకరించి రావడానికి ఆయనకి గంటన్నరైనా పడుతుంది. కూతురు కీర్తిక స్కూటీ మీద, ఫ్రెంచివాళ్ళ పాత ఇళ్ళుండే వైట్ టౌనుకి వెళ్ళిపోయింది. తను పనిచేసే గెస్ట్‌హౌసులో దిగిన ఇద్దరు పెద్దమనుషుల్ని పది గంటలకి వెంటబెట్టుకుని వస్తుంది. వాళ్ళు కారు చూడడానికి వస్తున్నారు.

కారు ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉంది. నీలం రంగుది, నేలకి ఆనినట్టు పొట్టిగా ఉంటుంది, రెండే సీట్లు. ఎప్పుడో ఈ ఊళ్ళో పాఠాలు చెప్పడానికి వచ్చిన ఒక ఫ్రెంచి ఆయన దాన్ని ఓడలో తెప్పించుకున్నాడు. గేర్లు పడకుండా పోతే ముదలియార్‌పేటలో ఇరుసప్పన్ వర్క్‌షాపులో వదిలాడు. తన దేశం వెళ్ళిపోయే ముందు కాగితాలన్నీ ఇరుసప్పన్ పేరున రాసిచ్చి, నడిపిస్తే నువ్వే నడిపించాలి అని చెప్పి వెళ్ళాడు. అప్పటికి ఇరుసప్పన్‌కి పెళ్ళి కాలేదు.

పెళ్ళయిన మూడో రోజు ఆయన కొత్త పెళ్ళాన్ని షెడ్డులోకి తీసుకెళ్ళాడు. ఫ్రెంచి బండి కాబట్టి స్టీరింగు ఎడమ పక్కన ఉంది. కుడి పక్క సీటు చూపించి, "అది నీది," అన్నాడు. "గేర్‌బాక్సులో ఒక్క పళ్ళచక్రం అరిగిపోయుండాది. ఫ్రాన్సు నుంచి అది వస్తే, నేరుగా మహాబలిపురమే. నా పక్కన నువ్వు, నీ పక్కన సముద్రం."

"ఇప్పుడు ఎక్కి చూడు," అని కూడా అన్నాడు.

అంబుజానికి అప్పుడు పాతికేళ్ళు. బి.ఏ. చదివిన పిల్ల. నిలబడి ఉన్న బండిలో కూర్చోవడం బొమ్మల కొలువులా ఉంటుందని నవ్వేసింది. వెళ్ళే రోజే ఎక్కుతానంది.

ముప్పై ఒక్క ఏళ్ళు గడిచాయి. చక్రం ఇంకా రాలేదనే ఆయన చెప్పేవాడు. రాత్రి భోజనం చల్లారిపోతుంటే షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి, "సవతికి చాకిరీ అయిపోతే మాకూ కొంచెం మొహం చూపించండి," అని పిలవడం అంబుజానికి అలవాటైంది. వీధంతా ఆ మాట విని నవ్వేది. ఇరుసప్పన్ కూడా నవ్వుకుంటూ, చేతులు తుడుచుకుంటూ వచ్చేవాడు.

దీపావళి ముందు ఆయన షెడ్డులో పడిపోయాడు. గంటసేపు కారు కిందే ఉన్నాడు. చేతులు వణికే జబ్బని, అది తగ్గేది కాదని, ఇనుప సామాను ముట్టవద్దని డాక్టరు చెప్పాడు. వారం తిరక్కుండానే ఆయనే, "అమ్మేస్తాం," అన్నాడు. ఎవరూ అడగకముందే అన్నాడు. కీర్తిక ఫోటోలు తీసి పంపింది. పాత కార్లు సేకరించేవాళ్ళ నుంచి మర్నాడే జవాబొచ్చింది.

అంబుజాన్ని ఎవరూ అడగలేదు. సవతి వెళ్ళిపోతుంటే ఆమెకి సంతోషమేనని ఇద్దరూ అనుకున్నారు.

అంబుజం పుట్టింట్లో ఒక పద్ధతి ఉంది. గడప దాటి పోయే వస్తువు మురికితో పోకూడదు. సొట్టలు పడిన బిందెని మార్పిడికి వేసినా చింతపండుతో తోమే వేయాలి. అమ్మేసిన ఆవుకి కూడా వాళ్ళమ్మ పసుపు నీళ్ళు పోసి, కొమ్ములకి నూనె రాసి పంపింది. "మన ఇంట్లో ఎట్ల బతికిందో పోయినచోట తెలియాల," అనేది. ఈ కారు మీద వేలు మందాన దుమ్ము ఉంది. పిల్లి అడుగులు ఉన్నాయి. రేకుల్లోంచి కారిన వాన నీళ్ళ చారలు ఉన్నాయి. పది గంటలకి పరాయివాళ్ళు వచ్చి దాన్ని అలా చూడడానికి అంబుజానికి మనసొప్పలేదు.

మొదట మెత్తటి పాత పంచెతో దుమ్ము తీసింది. తర్వాత షీకాయ నీళ్ళతో పైనుంచి కిందికి, తల రుద్దినట్టే రుద్దింది. ముందువైపు మూత మీద ఐదు వేళ్ళూ విడిగా కనబడేలా ఒక చెయ్యి గుర్తు ఉంది. అది భర్తదని ఆమెకి తెలుసు. దాని చుట్టూ అంతా కడిగి, చివరికి దాన్నీ తుడిచింది. తలుపు లోపలి వైపున ఏవో సుద్దముక్క గీతలు, అంకెలు ఉంటే చింతపండు పెట్టి తోమింది. సీటు తోలుకి కొబ్బరినూనె పట్టించింది. కుడి సీటుకి రెండుసార్లు పట్టించింది. ఎక్కి కూర్చోలేదు. భర్త తిరిగి వచ్చేలోపే పని ముగించి షెడ్డు తలుపు వేసేసింది.

గోడ అవతల నుంచి పక్కింటి మరగతం తల ఎత్తి చూసింది. "ఏంది అంబుజక్కా, సవతికి సీమంతమా?"

"కాదే. సాగనంపతా ఉండా."

"నీకుండే మనసు ఎవరికీ రాదు పో. నేనైతే తన్ని తరిమేస్తా."

పది గంటలకి కీర్తికతో పాటు వాళ్ళు వచ్చారు. ఒకాయన చెన్నై నుంచి వచ్చిన నరేంద్రన్. రెండో ఆయన తెల్ల గడ్డం ఉన్న మరో ఫ్రెంచి ఆయన. ఇరుసప్పన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, వణికే చేతిని జేబులో పెట్టుకుని, ముందు నడిచి షెడ్డు తలుపు తీశాడు.

నలుగురూ గుమ్మంలోనే నిలబడిపోయారు. కారు తళతళలాడుతోంది. మూత మీద మూడు వేళ్ళ పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. షెడ్డంతా తలంటిన ఇల్లులా వాసన వేస్తోంది.

ఫ్రెంచి ఆయన ఏదో గొణిగాడు. ఇరుసప్పన్‌కి ఆ భాష కొంచెం వచ్చు. ఆయన తల దించుకున్నాడు.

"ఎవరు కడిగింది?" నరేంద్రన్ నెమ్మదిగా అడిగాడు.

"నేనే," అంది అంబుజం. కొంచెం గర్వంగానే అంది. "కాఫీ తీసుకోండి."

నరేంద్రన్ గ్లాసు అందుకున్నాడు గాని తాగలేదు. "అమ్మా, తప్పుగా అనుకోవద్దండి. మెరిసే కార్లు మాకు ఎన్నైనా దొరకతాయి. ఎవరూ చెయ్యి పెట్టని కారు దొరకదు. ఆ దుమ్ము కోసమే మేము ఇంత దూరం వచ్చినాము. తలుపు లోపల సుద్దతో రాసిన అంకెలు ఉన్నాయి గదా, అవి దీన్ని చేసినవాళ్ళు ఫ్యాక్టరీలో రాసుకున్నవి. అరవై ఏళ్ళ కిందటివి. ఫోటోలో చూసినాము."

"చింతపండుకి పోయినాయి," అంది అంబుజం.

వాళ్ళు మరో అరగంట ఉన్నారు. టార్చిలైటు వేసి కారు కింద చూశారు, కాగితాలు చూశారు. సాయంత్రం ఫోను చేస్తామని చెప్పి వెళ్ళిపోయారు. నరేంద్రన్ కాఫీ గ్లాసు నిండుగానే మిగిలింది.

గేటు వేసి వచ్చిన కీర్తిక హాల్లోనే నిలబడింది. "అమ్మా, కావాలనే చేసినావు గదా?"

"ఏంది?"

"అమ్మడం నీకు ఇష్టం లేదు. ఆ మాట నోటితో చెప్పవు. ఇట్ల చేసి చూపిస్తావు. ఎప్పుడూ ఇంతే."

"కడగద్దని ఎవరైనా చెప్పినారా నాకు? నాయినకి చెప్పినావు. నువ్వు తెలుసుకున్నావు. నాకు చెప్పినారా?"

"పూజకి తప్ప నువ్వు ఆ షెడ్డులో కాలే పెట్టవు, చెప్పాలని ఎట్ల తోస్తాది? నేను పుట్టినప్పటి నుంచి దాన్ని తిడతానే ఉండావు. పోతా ఉంటే సంతోషపడతావనుకున్నా."

అంబుజం చేతిలోని గ్లాసుని బల్ల మీద పెట్టింది. "సంతోషమా? ముప్పై ఒక్క ఏళ్ళు ఆ సీటు నీదేనని చెప్పి పెట్టినారు. నేను నగ అడగలా, పట్టుచీర అడగలా. మహాబలిపురానికి బస్సు ఉండాది, ఎక్కి పోయి రాలేనా? కీళ్ళనొప్పులొచ్చినా, కన్ను ఆపరేషన్ అయినా, ఒకరోజు ఆ తలుపు తీసి 'రా' అంటారని అనుకుంటా ఉన్నా. రేపు దాన్ని ఎవరో తోలుకొని పోతారు. నన్ను ఒక్క మాట అడిగినారా మీ ఇద్దరూ?"

అమ్మ అంత పొడుగు మాట మాట్లాడడం కీర్తిక ఎన్నడూ వినలేదు.

ఇరుసప్పన్ అంతసేపూ కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. "కీర్తికా," అన్నాడు. "షెడ్డులో మీది అలమారు. పాత పెయింటు డబ్బాల వెనకాల అట్టపెట్టె ఉంటాది. తీసుకరా."

చిన్న పెట్టె అది, బరువుగా ఉంది. ఫ్రెంచి స్టాంపులు అంటించి ఉన్నాయి. కట్టిన పురికొస కట్టినట్టే ఉంది. కీర్తిక స్టాంపు మీది తేదీ చదివింది. చదివి తండ్రి మొహం చూసింది.

"నాయినా, ఇది పదకొండేళ్ళ కిందట వచ్చిందే."

"చక్రం," అన్నాడు ఆయన.

అంబుజం కుర్చీలో కూర్చుంది. పెట్టెని ముట్టుకోలేదు. పదకొండేళ్ళంటే ఎన్ని సాయంత్రాలో ఆమె లెక్క వేయలేదు. కాని అవన్నీ ఒక్కసారే వచ్చి ఎదురుగా నిలబడినట్టు అనిపించింది. "విప్పనే లేదు," అంది.

"విప్పలా."

"ఎందుకని?"

ఆయన చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది. అది వణుకుతూ ఉంటే రెండో చేత్తో పట్టుకున్నాడు. "అది ఎక్కించినా బండి నడవకపోతే? ఇంక చెప్పేదానికి ఏముంటాది? చక్రం రాలేదని చెప్తా ఉన్నంతవరకు నువ్వు రేపు పోతామని అనుకుంటావు. వీధంతా నన్ను చూసి నవ్వినారు. నువ్వూ తిట్టినావు. అయినా ఆయుధ పూజకి ఆ నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేది నువ్వే గదా. కదలని బండికి నిమ్మకాయలు ఏందికని ఒక్క సంవత్సరం కూడా అనలా. మర్నాడు నలగని కాయలు నాలుగూ ఏరుకొని పోయేదానివి. నేను చూస్తా ఉంటి. అది నడుస్తాదని ఈ లోకంలో నమ్మింది నువ్వొక్కదానివే, అంబుజం. నడవలేదని నీకు తెలిసిపోతే నేను యాడికి పోయేది?"

అంబుజం వేలితో పెట్టె మీది పురికొస ముడిని తడిమింది.

"నడవకపోతే," అంది, "నడవని బండిలోనే కూర్చునేదాన్ని గదా. నేనే మొదటిరోజు కూర్చోనన్నా. ఆ మాట పట్టుకొని మీరూ ఉండిపోయినారు, నేనూ ఉండిపోయినా." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్న కొద్దీ వచ్చాయి. ఇరుసప్పన్ లేచి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆ చెయ్యి వణుకు ఆగేదాకా ఆమె తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. అది ఆగలేదు. అయినా వదల్లేదు.

సాయంత్రం నరేంద్రన్ ఫోను చేశాడు. కీర్తిక విని, నోరు పక్కకి తిప్పుకుని నవ్వింది. "అయినా తీసుకుంటారంటమ్మా. శనివారం లారీ వస్తాది. అంతవరకు ఇంకొకసారి తలంటు పోయవద్దని నీకు మరీమరీ చెప్పమన్నారు."

"ఆ పెట్టె?" అంది అంబుజం.

"దాన్నీ ఇచ్చేస్తాం," అన్నాడు ఇరుసప్పన్. "విప్పేవాళ్ళు విప్పుకుంటారు."

కీర్తిక రాత్రి వంటింట్లో తల్లి వెనకాల నిలబడి, "పొద్దున అట్ల అనుండకూడదు నేను," అంది. అంబుజం దోసె తిరగేస్తూ, "ప్లేటు పెట్టు," అంది. వాళ్ళిద్దరి మధ్య అంతకుమించి అక్కరలేదు.

శనివారం లారీ వీధిలోకి రాలేకపోయింది. వీధి సన్నం. వీధి చివర, పెద్దరోడ్డు మీదే ఆగింది. కారుని అక్కడిదాకా తోసుకెళ్ళాలన్నారు. తోసేవాళ్ళు నలుగురు ఉన్నారు. లోపల కూర్చుని స్టీరింగు పట్టుకోవడానికి ఒకరు కావాలి.

"నేను పట్టుకుంటా," అని ఇరుసప్పన్ ఎడమ తలుపు తీశాడు. స్టీరింగు మీద చెయ్యి వేశాడు. చెయ్యి ఒకచోట నిలవడం లేదు. తోసేవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

"నాయినా, నేను కూర్చుంటా," అంది కీర్తిక.

ఆయన చెయ్యి తీసేశాడు. "నువ్వొద్దు. అమ్మని రమ్మను."

"నాకు సైకిలు కూడా రాదు," అంది గుమ్మంలోంచి అంబుజం.

"నేను చెప్తాను గదా. రా."

ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, వంగి, ఎడమ పక్క ఎక్కింది. సీటు ఆమె అనుకున్నదానికన్నా చాలా కిందికి ఉంది. కాళ్ళు ముందుకి చాచాలి, దాదాపు పడుకున్నట్టే. ఆయన చుట్టూ తిరిగి వచ్చి కుడి తలుపు తీసి, ఆమె పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఆమెది అన్న సీటులో ఆయన మోకాళ్ళు పట్టక అవస్థ పడ్డాడు. ఆమెకి నవ్వొచ్చింది.

"గట్టిగా పట్టుకోవద్దు. పిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకో. ఆ... తోయండి."

కారు కదిలింది. ముందుటైర్ల కింద గులకరాళ్ళు కరకరలాడాయి. షెడ్డు నీడ వెనక్కి జరిగి, ఎండ ఒక్కసారిగా అద్దం మీద పడింది. మరగతం గోడ దగ్గర నుంచి వీధిలోకి వచ్చి నిలబడింది. ఇస్త్రీ బండి ఆయన బండి పక్కకి లాగాడు. కీర్తిక ఫోను ఎత్తి పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తోంది, చూపు మసకబారి తెర మీద ఏం కనబడుతోందో ఆమెకే తెలియడం లేదు.

"కొంచెం కుడికి," అన్నాడు ఇరుసప్పన్. "చాలు, చాలు. ఇప్పుడు నేరుగా. బాగా తోలతా ఉండావు."

"సముద్రం ఏ పక్కన వస్తాది?" అంది ఆమె, దారి మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆయన కుడి పక్క కిటికీలోంచి బయటికి చూశాడు. "నా పక్కన," అన్నాడు. "పోయేటప్పుడు నా పక్కన."

వీధి చివర లారీ కనబడుతోంది. దాని వెనక పలకలు దించి పెట్టి, ఒకతను చెయ్యి ఊపుతున్నాడు.

"బ్రేకు యాడ?" అడిగింది అంబుజం.

"మధ్యలో ఉండేది."

"ఇప్పుడే తొక్కాలా?"

ఆయన తల వంచి అద్దంలోంచి ముందుకి చూశాడు.

"వద్దు. ఇంకా రెండిండ్లు ఉండాయి. మెల్లగా పోనీ."