గువ్వలంక మీద గుడ్డరెక్క

రెండువేల ఎనభై ఆరు నాటికి గోదావరి లంకల్లో జబ్బుపడ్డవాడు పడవరేవు వైపు చూడడం మానేసి మబ్బుల్లోకి చూసేవాడు. ఏడాదిలో ఏడు నెలలు వరదే. పడవను నమ్ముకుంటే మందుకన్నా ముందు పాడె సిద్ధమయ్యేది. అందుకని గట్టు మీది నుంచి రాకెట్లు లేచేవి. నిప్పు ఆరగానే రాకెట్ కడుపులో చుట్టిపెట్టిన గుడ్డరెక్క విచ్చుకుని, మందులపెట్టెతో గ్లైడర్‌లా లంక మీదికి గాలిలో జారుతూ దిగేది.

ఆ రెక్క పంపన సత్యవేణిది. సాలెల ఇంట పుట్టి, ఇంజనీరింగ్ చదివి, తిరిగి మగ్గం దగ్గరికే చేరిన మనిషి. రేకు రెక్కలు గాలివానకు విరిగిపోతుంటే, ఆమె పడుగుకు పాలిమర్ దారం, పేకకు జ్ఞాపకతీగ వేసి నేసింది. వేడి తగిలితే తన పాత వంపును గుర్తుతెచ్చుకునే లోహం అది. రెక్క బ్యాటరీ బరువు మొయ్యలేదని, గట్టు నుంచి వచ్చే రేడియో కిరణంలోంచే శక్తిని పీల్చుకునేట్టు చేసింది. కిరణం చెప్పినట్టల్లా అంచు ముడుచుకునేది, గ్లైడర్ అటు తిరిగేది. పదకొండు రెక్కలు పీలికలయ్యాక పన్నెండోది నిలిచింది.

దిగిన రెక్కను పడవలో తిప్పి పంపమంటే మాత్రం ఏ లంకా పంపలేదు. ఏట్లో కొట్టుకుపోయిందనేవాళ్లు. ఆమె ఇంకొకటి నేసేది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం గువ్వలంక నుంచి ఆమె తమ్ముడు గవర్రాజు వైర్‌లెస్‌లో పలికాడు. వరదకు మెరకెక్కిన తాచు అతని కాలి మీద కాటేసింది. కనురెప్పలు వాలిపోతున్నాయట, మాట ముద్దగా వస్తోంది. గంటలో విరుగుడు పడకపోతే మనిషి దక్కడు.

గట్టు మీద రేడియో చూసే కాసిం రాకెట్ లేపాడు. రెక్క మొగ్గలా విప్పుకుంది. ఏరు సగం దాటాక, రెక్కకు అందే శక్తిని చూపే మీటరులో సూది పడిపోవడం మొదలైంది.

"కిరణం పూర్తిగానే వదులుతున్నాను మేడం. ఎవరో దారిలో తాగేస్తున్నారు," అన్నాడు కాసిం.

అప్పుడే గవర్రాజు గొంతు వినిపించింది. "వచ్చేత్తందే అక్కా. ఇళ్ల మీద ముక్కలన్నీ ఊగుతున్నాయి."

"ఏం ముక్కలురా?"

వాడు ఆగి ఆగి చెప్పాడు. దిగిన ప్రతి రెక్కనూ ఊరిపెద్దలు జాతర మాంసం పంచినట్టు ఇంటికింత అని కోసి పంచారు. గ్లైడర్ వచ్చేటప్పుడు గాలి లేకపోయినా ముక్క కదులుతుందని జనం కనిపెట్టారు. ఎవరి ముక్క ఊగితే వాళ్ల వాకిట్లోనే మందు దిగుతుందని నమ్మి, వెదుర్లకు కట్టి కప్పుల మీద నిలబెట్టారు. మూడొందల గడప.

కిరణాన్ని తాగుతున్నది ఆ ముక్కలేనని సత్యవేణికి అర్థమైంది. తను నేర్పిన పనినే ప్రతి ముక్కా శ్రద్ధగా చేస్తోంది.

అయిదు నిమిషాల్లో అన్నీ దింపమని చెప్పించింది. గవర్రాజు పెళ్లాం వీధివీధీ తిరిగి మొత్తుకుంది. ఎవరికి వాళ్లు ముందు పక్కింటివాళ్లను దింపమన్నారు. పక్కింటివాళ్లు పైవీధి వైపు చూపించారు. ఒక ముసలాయన, రేపు మా ఇంట్లో ఎవరికైనా జబ్బొస్తే మందుకి దారెవరు చూపిస్తారమ్మా అని నిదానంగానే అడిగాడట. సూది ఒక్కసారి వణికి మళ్లీ వాలింది. తెర మీద రెక్క తడిసిన తువ్వాలులా ముడతలు పడుతోంది.

"గవర్రాజూ, నీదైనా తీయించరా."

వాడి మాట ఇంకా ముద్దగా వచ్చింది. "మనది తీత్తే ఎలాగే? ఇన్ని కొంపల్లో నీ తమ్ముడిల్లు ఏదో దానికి తెలియొద్దూ?"

గ్లైడర్ లంకకు ముప్పావు మైలు ఇవతల ఏట్లో కూలింది. ఇంకో రెక్క మగ్గం మీద సగం నేతలో ఉంది.

కాసిం తల ఎత్తకుండా కిరణం ఆపెయ్యనా అని అడిగాడు.

"ఉంచు," అంది సత్యవేణి. "కిరణం ఉన్నంతసేపూ ముక్క ఊగుతుంది. వాడు దాన్నే చూస్తుంటాడు."