డబ్బా మోగలేదు

తక్లమకాన్ ఎడారి ఇసుకలో అది తొమ్మిదో రోజు. పొద్దున్నే సావుత్ ఒంటె ముందు కాళ్ళు మడిచి కూలబడింది. లేవనంటే లేవదు.

"నీకంటే ఇదే నయంరా! నువ్వు మొదటి రోజే కూలబడ్డావు," అని తమ్ముణ్ణి ఎత్తిపొడిచాడు రోజీ. దాని మూటలన్నీ విప్పి గబగబా తన ఒంటె మీదికి ఎత్తాడు. అప్పుడు లేచింది మహాతల్లి.

"నన్ను కూడా ఎత్తుకో అన్నా. జాగ్రత్తగా తెస్తానని అమ్మకి మాటిచ్చావుగా," అన్నాడు సావుత్, పగిలిన పెదాలతో నవ్వుతూ.

ఎడారి పటం గీయడానికొచ్చిన వెర్నర్ దొర మాత్రం నవ్వలేదు. ఆయన చూపంతా మిగిలిన ఒక్క నీళ్ళతిత్తి మీదే. దాని మూతి రోజీయే బిగించి కట్టాడు. సాయంత్రం దాకా ఎవరూ ముట్టకూడదు.

ముందు రోజీ, మధ్య దొర, చివర సావుత్. ఒంటెలన్నీ ఒకే తాడుకి.

ఈ ఇసుకలో నడిచేవాళ్ళకి ఒక కట్టుబాటుంది. ఒకరినొకరు నోటితో పిలవరు. దాహంతో పోయినవాళ్ళు మనవాళ్ళ గొంతుతోనే వెనకనుంచి పిలుస్తారు మరి! అందుకే చివరివాడి మూటలో ఒక రేకు డబ్బా ఉంటుంది. ఆపదొస్తే మోగిస్తాడు. డబ్బా మోగితే మనిషి. ఉత్త గొంతైతే... వినకూడదు.

మిట్టమధ్యాహ్నం నల్లగాలి లేచింది. దీపం ఊదేసినట్టు సూర్యుడు పోయాడు. ముక్కులో కాలిన ఇనుము వాసన. చెవుల్లో ఇసుక హోరు. ఆగితే పూడిపోతారు. నడిచారు.

అప్పుడు వినిపించింది.

"అన్నా..."

దొర రోజీ చెయ్యి పట్టుకున్నాడు. "నీ తమ్ముడు!"

"గొంతు వాడిదే దొరా. డబ్బా మోగిందా?"

"లేదు."

"అయితే వాడు కాదు. నడవండి."

"పడిపోయానన్నా... ఒక్క గుక్క..."

రోజీ చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. ఏడుస్తూనే నడిచాడు.

"అమ్మకేం చెప్తావన్నా..."

నడిచాడు. కాసేపటికి ఆ గొంతు ఆగింది.

గాలి తగ్గాక చూస్తే వెనక తాడు తెగి వేలాడుతోంది. సావుత్ లేడు. వాడి ఒంటె లేదు. రోజీ తూలి మూటలకి ఆనుకున్నాడు. గోనెలోంచి ఏదో గట్టిగా వీపుకి తగిలింది.

డబ్బా.

పొద్దున తనే ఎత్తాడు.

తిత్తి భుజాన వేసుకుని పరుగెత్తాడు. "సావుత్! ఒరే సావుత్!" కట్టుబాటు గాలికొదిలేసి గొంతు చించుకున్నాడు. రెండో దిబ్బ అవతల దొరికాడు సావుత్. వెల్లకిలా... చల్లబడిపోయి.

"తాగరా నాన్నా... ఇదిగో, తెచ్చాను..." అంటూ రోజీ తిత్తి ముడి మీద చెయ్యి వేశాడు. వేసి, ఆగిపోయాడు.

సావుత్ పెదాలు తడిగా ఉన్నాయి. గడ్డంలోంచి చుక్కలు జారుతున్నాయి. చొక్కా రొమ్ము దాకా తడిసింది. అప్పుడే నూతిలోంచి తోడినంత చన్నీళ్ళు.

తిత్తి ముడి బిగిసే ఉంది.

"ఎవరు... తాగించారు?" వెనకే వచ్చిన దొర గుసగుసగా అడిగాడు.

రోజీ చూపు పక్కకి తిరిగింది. తమ్ముడి తల పక్కన, గాలి కొత్తగా పరిచిన ఇసుకలో, ఎవరో కూర్చుని లేచినట్టు రెండు మోకాళ్ళ గుంటలు. అక్కడికి వచ్చిన అడుగులు లేవు. వెళ్ళినవీ లేవు.