మారక్క దోసిలి

2023 ఎండాకాలంలో జరిగిందిది. నిడుగల్లు కొండ దిగువన, సోలార్ పలకల వరుసలు ఆగిపోయే చోట ఒక దిగుడుబావి ఉంది. చీకటి పడ్డాక ఆ దారిన ఎవరూ పోరు. తప్పక పోవలసి వస్తే పై మెట్టు మీద కాసిని నీళ్లు పోసి, వెనక్కి చూడకుండా నడుస్తారు.

అక్కడ మారక్క ఉంటుందని భయం.

వెనకటి రోజుల్లో మారక్క లాంటి వాళ్లను ఆ బావిలోకి దిగనిచ్చేవారు కాదు. పై మెట్టు దగ్గర దోసిలి పట్టి నిలబడాలి. పెద్దిళ్ల వాళ్లు నీళ్లు ముంచుకొని పైకొచ్చి, తగలకుండా ఎత్తునుంచి పోస్తే తాగాలి. తాగేవాళ్లు చాలని తలూపేదాకా పోయడం మర్యాద. ఒక కరువులో మారక్క పొద్దుటి నుంచి నిలబడినా ఎవరూ పోయలేదు. పట్టిన దోసిలి పట్టినట్టే... కూలి ప్రాణం వదిలింది.

ఆ మారక్క చెల్లెలి కూతురే ఓబక్క. సోలార్ పలకలు కడిగే కూలి.

ఆ బావి దగ్గరికి టీవీ సీరియల్ వాళ్లు వచ్చారు. పాడుబడ్డ మేడ, శాపం తగిలిన జమీందారు ఇల్లు, వాళ్లను పీడించే బావి దెయ్యం — అదీ కథ. దెయ్యం వేషానికి డైరెక్టర్ చేతన్ ఓబక్కను అడిగాడు. మా పెద్దమ్మ పేరు చెప్పాల, ఆమెకు జరిగిందే చూపించాల అంది ఓబక్క. సరేనన్నాడు.

పొద్దు గూకింది. ఓబక్క ముఖానికి మసి పూస్తున్నారు, పెట్టడానికి కోరలు పక్కన ఉంచారు.

"నల్లగుండేదానికి మళ్లా మసేందప్పా?"

"చీకట్లో కనపడాలి కదమ్మా," అన్నాడు మసి పూసేవాడు.

"చీకట్లో కనపడాలంటే సున్నం పూస్తారు గానీ, మసి యాడన్నా పూస్తారా?"

లైట్లు పట్టేవాళ్లు కిసుక్కున నవ్వారు. చేతన్ నవ్వలేదు. "జమీందారు కోడలు నీళ్లతో పైకొస్తుంది. నువ్వు జుట్టు పట్టి బావిలోకి లాగాలి," అన్నాడు.

"లాగేదేంది సార్? మా పెద్దమ్మ ఎవుర్నీ లాగలే. నీళ్లడిగింది, అంతే."

"నీళ్లడిగితే ఎవరు భయపడతారు?"

"పోయనోళ్లను చూసి భయపడాల! వాళ్లకు పెట్టు కోరలు. ఏ సీరియల్ చూసినా దెయ్యం మా రంగు, ఏడ్చేటోళ్లు మీ రంగు. ఆమె పేరన్నా చెప్తారా?"

"దెయ్యానికి పేరెందుకమ్మా?"

పలకల పని మేస్త్రీ శివరాజు పక్కకొచ్చి గొణిగాడు. "చెప్పినట్టు చెయ్యి ఓబక్కా. లేకుంటే రేపట్నుంచి పన్లోకి రావద్దు."

"రాను పో."

ఓబక్క విసవిసా నడిచి, కాస్త అవతల ఆగిన నీళ్ల టాంకరు దగ్గర ముఖం కడుక్కుంటూ కూర్చుంది. దెయ్యాన్ని కంప్యూటర్లో పెట్టుకుందాంలే అని చేతన్ కెమెరాతో బావిలోకి దిగాడు. కింద కోడలి వేషంలో పట్నం పిల్ల నమ్రత నిలబడి ఉంది. పైన జరిగిన గొడవ ఆమెకు ఎవరూ చెప్పలేదు.

లైటు వెలిగింది. నమ్రత నీళ్ల చెంబుతో ఒక్కో మెట్టూ ఎక్కింది... పై మెట్టు కింద ఆగింది. మెల్లగా చెంబు వంచింది.

"కట్! ఏం చేస్తున్నావ్?"

"దోసిలి పట్టింది సార్... తాగుతోంది." అంది నమ్రత. "చాలా ఓబక్కా?... ఇంకా?"

టాంకరు దగ్గరి నుంచి ఓబక్క పలికింది.

"నేనీడుండాను తల్లీ."

చెంబు జారి, మెట్ల మీద దొర్లుతూ బావి అడుగుకు పోయింది. చేతన్ పరుగున పైకొచ్చి టార్చి వేశాడు. చెంబెడు నీళ్లు పడ్డ రాయి మీద — ఒక్క చుక్క తడి లేదు.

ఓబక్క దగ్గరికొచ్చి ఒక్కటే అడిగింది.

"తలూపిందా?"

"లేదు..." అంది నమ్రత.

లైట్లు పట్టినవాళ్లు ఇప్పటికీ ఇంతే చెబుతారు.

సీరియల్ దీపావళికి వచ్చింది. నీళ్లు పోసిన ముక్క కోసేశారు. మసి ముఖం, కోరలు పెట్టిన దెయ్యం కోడలి జుట్టు పట్టి లాగింది. మారక్క పేరు ఎక్కడా రాలేదు. ఓబక్కకు సోలార్ పని పోయింది. ఇప్పుడు మంగళవాడలో చెనిక్కాయలు ఒలిచే కూలికి పోతోంది.